కార్ట్ పంపిస్తానంటే కుదరదు, చీటీ పంపాలి

మా అక్కావాళ్ళు విజయవాడ పటమటలో ఫ్లాట్ కొన్నారు. గృహప్రవేశం ఇంకో మూడు వారాలుందనగా అక్క ఒక శనివారం రాత్రి కూర్చుని ఇంటికి కావాల్సినవన్నీ ఆన్‌లైన్‌లో కార్ట్‌లో వేసేసింది, మిక్సీ దగ్గర్నుంచి బాత్రూమ్ బ్రష్ దాకా, లెక్కేస్తే 47 ఐటమ్స్. కొనాల్సింది మాత్రం నేను, ఎందుకంటే ఆఫర్ ఉన్న క్రెడిట్ కార్డు నా దగ్గరుంది, నేనేమో గుంటూరు బ్రాడీపేటలో ఉంటా. పొద్దున్నే వాట్సాప్‌లో లింక్ పంపి వెంటనే ఫోన్.

"కార్ట్ పంపించా, చూశావా?"

"చూశానక్కా. దోమల బ్యాట్ ఒక్కటే ఉంది."

"దోమల బ్యాటేంట్రా? నేనసలు బ్యాటే పెట్టలా!"

"ఇది నా బ్యాటే అక్కా. నా కార్ట్‌లోది."

అక్క పంపింది తప్పు లింకేం కాదు. కార్ట్ పేజీ తెరిచి పైనున్న అడ్రస్ కాపీ చేసి పంపింది, ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ అడ్రస్‌లో అక్క పేరు లేదు, మిక్సీ లేదు, బ్రష్ లేదు. "కార్ట్ చూపించు" అన్న ఒక్క మాటే ఉంది. ఎవరి కార్ట్ అన్నది ఆ అడ్రస్ చెప్పదు, తెరిచిన ఫోన్ చెప్తుంది. వన్‌టౌన్‌లో తెలిసిన కొట్టుకెళ్ళి "మా సరుకులు కట్టేశారా?" అని అడిగామనుకోండి, ఎవరడిగితే వాళ్ళ మూటే తెచ్చి బల్ల మీద పెడతాడు షావుకారు, మొహం చూసి గుర్తుపడతాడు కాబట్టి. అక్క నాకు ఆ మాట నేర్పించి పంపింది గానీ అక్క మొహం పంపలేదు కదా.

ఇక్కడ మొహం పని చేసేదాన్ని కుకీ అంటారు. వెబ్‌సైట్లు తెరిచినప్పుడల్లా "కుకీలు ఒప్పుకుంటారా" అని విసిగిస్తాయే, అదే. వెబ్ కట్టిన తీరులో సర్వర్‌కి, అంటే సైటుని నడిపే అవతలి కంప్యూటర్‌కి, మతిమరుపు పుట్టుకతోనే ఉంది, మీరొక పేజీ అడుగుతారు, అది ఇచ్చేస్తుంది, ఇచ్చాక మీరెవరో దానికి గుర్తుండదు, ఇంకో క్షణంలో రెండో పేజీ అడిగితే మళ్ళీ కొత్త మనిషే. వార్తలు చదువుకోడానికి ఇది చాలు గానీ కొట్టు నడపడానికి ఎట్లా చాలుతుంది, సబ్బు తీసి బుట్టలో వేసి పేస్టు దగ్గరికెళ్ళేసరికి బుట్ట ఎవరిదో తెలీకపోతే. 1994లో, బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లి అనే ప్రోగ్రామర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఆన్‌లైన్ కొట్టు పెట్టుకుందామనుకున్న ఒక కస్టమర్ కంపెనీ, సగంలో ఉన్న కొనుగోళ్ళ వివరాలన్నీ మా సర్వర్లో దాచుకోవడం మావల్ల కాదంది. అయితే ఆ గుర్తేదో కొనేవాళ్ళ కంప్యూటర్లోనే ఒక ముక్క పెట్టేద్దాం, వాళ్ళొచ్చినప్పుడల్లా చూపిస్తారు, అన్నాడు మాంటుల్లి. అంటే కుకీ పుట్టినప్పుడు ముందు కళ్ళ ముందున్నది షాపింగ్ కార్టే, ఈ ప్రకటనల గోలంతా తర్వాత వచ్చి చేరింది.

ఇప్పుడైతే ఆ ముక్కలో సరుకుల లిస్టు ఉండదు, మామూలుగా ఒక పొడుగాటి నెంబరు మాత్రమే ఉంటుంది, గుళ్ళో చెప్పులు పెడితే ఇచ్చే టోకెన్ లాంటిది. లిస్టంతా సర్వర్ దగ్గరే. లాగిన్ అయ్యారంటే ఆ లిస్టు మీ అకౌంట్‌కి అతుక్కుంటుంది, అందుకే ఫోన్లో వేసినవి లాప్‌టాప్‌లో కూడా కనపడతాయి. లాగిన్ అవ్వకుండా వేస్తే ఆ బ్రౌజర్ టోకెన్‌కే అంటిపెట్టుకుని ఉంటాయి, హిస్టరీ, కుకీలు తుడిచేశారంటే టోకెన్ పోయినట్టే, చెప్పులూ పోయినట్టే.

టోకెన్ సంగతి ఎందుకింత చెప్పానంటే, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మీరు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, అవన్నీ టోకెన్ ఇచ్చేముందు అడిగేవి. పాతకాలం సైట్లు కొన్ని ఈ నెంబర్ని కుకీలో కాకుండా లింక్‌లోనే అతికించేవి, అడ్రస్ చివర సెషన్‌ఐడీ అని ఒక పెద్ద తోక. అట్లాంటి లింక్ ఫ్రెండ్‌కి పంపితే అవతల నిజంగానే మీ కార్టే తెరుచుకునేది, దాంతోపాటు మీ అకౌంటూ తెరుచుకునేది! అక్క అనుకున్నట్టు లింక్‌తో కార్ట్ పోవడం అనేది అప్పట్లో జరిగిందన్నమాట, అయితే అది సౌకర్యం కాదు, చిల్లు. ఇప్పటికీ ఏదైనా చిన్న సైట్ లింక్‌లో సెషన్ అనో సిడ్ అనో రాసి పక్కన పెద్ద నెంబరు కనిపిస్తే దాన్ని వాట్సాప్ గ్రూపులో పడెయ్యకండి.

ఇదంతా అక్కకి ఫోన్లో చెప్తే ఒకటే మాటంది: "అయితే నా పాస్‌వర్డ్ పంపిస్తా, ఓటీపీ వస్తే చెప్తా, నువ్వే లాగినైపో." మన ఇళ్ళల్లో నూటికి తొంభై మంది తేల్చేది ఇట్లానే అని నా నమ్మకం. తమ్ముడే కదా, అల్లుడే కదా, పక్కింటి అబ్బాయే కదా.

నేను వద్దన్నా. నా మీద నమ్మకం లేక కాదు, నాకు కావాల్సింది 47 ఐటమ్స్ పేర్లు, అక్క ఇస్తానంటున్నది బీరువా తాళాలగుత్తి. ఆ అకౌంట్ తెరిస్తే ఏముంటుందో ఒకసారి మీది మీరే తెరిచి చూసుకోండి. ఇప్పటిదాకా కొన్న ప్రతి వస్తువూ, మందులతో సహా. అత్తగారింటి అడ్రసు, పిల్ల హాస్టల్ అడ్రసు, వాళ్ళ ఫోన్ నెంబర్లు. వాలెట్‌లో పడున్న డబ్బులు, గిఫ్ట్ కార్డు బాలెన్సు, వాటికి చాలాచోట్ల కొనేటప్పుడు ఓటీపీ కూడా అడగరు. కార్డులు దాచుకుని ఉంటే అవీ. ఈ కార్డుల విషయంలో కాస్త నయమే, 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం మన దేశంలో షాపింగ్ సైట్లు కార్డు నెంబరు తమ దగ్గర ఉంచుకోకూడదు, దాని బదులు ఒక మారు నెంబరే ఉంచుకోవాలి (దాన్నీ టోకెనే అంటారు), కాబట్టి లాగిన్ అయినవాళ్ళకి మీ 16 అంకెలూ పూర్తిగా కనపడవు. కానీ కొనాలని నొక్కితే ఓటీపీ మీకొస్తుంది, అప్పటికే మీరు "ఓటీపీ వస్తే చెప్తా" అని మాటిచ్చి ఉన్నారు. రెండు ఓటీపీలు వరసగా వస్తే ఏది లాగిన్‌ది, ఏది డబ్బులది అని మెసేజ్ మొత్తం చదివి చెప్పేవాళ్ళు ఎంతమంది? నాలుగు అంకెలో ఆరు అంకెలో చూసి చదివేస్తాం. తమ్ముడికి చదివి చెప్పడం అలవాటైతే రేపు "కస్టమర్ కేర్ నుంచి" అన్నవాడికీ అదే ధాటిలో చదివేస్తాం, నన్ను భయపెట్టేది ఆ అలవాటే.

ఒకవేళ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే గొడవేం లేదు, పాస్‌వర్డ్ మార్చెయ్యండి, సెట్టింగ్స్‌లో అన్ని ఫోన్ల నుంచి లాగౌట్ అవ్వమనే ఆప్షన్ చాలా సైట్లలో ఉంటుంది, అది కూడా నొక్కండి. పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే కొన్ని చోట్ల పాత టోకెన్ ఇంకా బతికే ఉంటుంది, తాళం మార్చాం గానీ లోపల కూర్చున్నవాడు కూర్చునే ఉన్నాడన్నట్టు.

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, "కార్ట్ షేర్ చెయ్యి" అన్న ఒక్క మాటలో మూడు వేరే వేరే సంగతులు కలిసిపోయాయి. ఏమేం కావాలన్నది ఒకటి, ఎవరి పేరు మీద కొంటారన్నది ఒకటి, డబ్బులెవరు కడతారన్నది ఒకటి. మా చిన్నప్పుడు ఇవి ఎంచక్కా విడివిడిగా ఉండేవి, అమ్మ చీటీ రాసి నా చేతికిచ్చేది, నేను సైకిలేసుకుని కొట్లో ఇచ్చొచ్చేవాణ్ణి, పద్దు నాన్న పేరు మీద, డబ్బులు ఒకటో తారీకున. చీటీ దారిలో పడిపోయినా పోయేదేం లేదు, మహా అయితే దొరికినవాడికి మా ఇంట్లో కందిపప్పు ఎంత తింటారో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో ఈ మూడింటినీ కలిపి కార్ట్ అని ఒకే డబ్బాలో పెట్టారు. దాన్ని మళ్ళీ విడగొడితే చాలు, పంపాల్సింది చీటీ ఒక్కటే.

చీటీ రాసే పద్ధతులు రెండు మూడున్నాయి. సైట్లోనే ఉండేది విష్‌లిస్ట్, అంటే తర్వాత కొందామని పక్కన రాసి పెట్టుకునే లిస్టు. అమెజాన్‌లో విష్‌లిస్ట్‌కి లింక్ తీసి పంపొచ్చు, అది పనిచేస్తుంది, ఎందుకంటే ఆ లింక్‌లో ఏ లిస్టో చెప్పే నెంబరు ఉంటుంది, మొహం చూసే పని లేదు. లిస్టు పబ్లిక్‌గా ఉందా, లింక్ ఉన్నవాళ్ళకేనా, నాకొక్కడికేనా అన్నది పంపేముందు చూసుకోండి, పబ్లిక్ మాత్రం వద్దు, గృహప్రవేశం సామాన్లు ఊరందరికీ ఎందుకు చూపించడం. లిస్టుకి డెలివరీ అడ్రస్ తగిలించమని అడిగితే అది కూడా వదిలెయ్యండి, అడ్రస్ మీకు కావాల్సినవాళ్ళకి ఫోన్లో చెప్పుకోవచ్చు. ఇంకో మాట, ఎప్పట్నుంచో ఉన్న పాత విష్‌లిస్ట్‌లో ఈ 47 కలిపెయ్యకుండా కొత్తది తెరవండి, పాతదాంట్లో మూడేళ్ళ కింద మీరేం చూసి ఆశపడ్డారో అవతలివాళ్ళకి తెలియక్కర్లేదు.

మేము చేసింది మాత్రం గూగుల్ షీట్. విష్‌లిస్ట్ ఒకే సైటుకి పరిమితం, అక్క కొన్నింటికి వేరే సైట్లు కూడా చూస్తోంది. షీట్లో ఒక్కో వస్తువుకీ ఒక వరస, పేరు, లింకు, రంగు లేదా సైజు, ఎన్ని కావాలి, ఆ రోజు రేటు, అమ్మేవాడి పేరు, చివర్లో "ఆర్డర్ పెట్టా" అని నేను టిక్ పెట్టడానికి ఒక గడి. షేర్ చేసేటప్పుడు "లింక్ ఉన్న ఎవరైనా" అన్నది పెట్టకుండా నా మెయిల్ ఒక్కటే ఎక్కించమన్నా. షీట్లో అడ్రసు, కార్డు వివరాలు లాంటివేం రాయొద్దన్నా, బావ అప్పటికే ఒక మూల ఫ్లాట్ నెంబరు, వాచ్‌మెన్ ఫోన్ నెంబరు రాసేశాడనుకోండి, తీయించా. తీసినా పాత వెర్షన్ల హిస్టరీలో అది ఉంటుంది, ఎడిట్ చేసే హక్కు ఉన్నవాళ్ళు చూడొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

లింకుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మావాళ్ళు ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. అమెజాన్ లింక్ ఎంత పొడుగున్నా అందులో సరుకుని గుర్తుపట్టేది డీపీ అనే రెండక్షరాల తర్వాత వచ్చే పది అక్షరాల కోడ్, ఎక్కువగా బీ, సున్నాతో మొదలవుతుంది, ఏసిన్ అంటారు, అదే పుస్తకమైతే చాలావాటికి పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ నెంబరే ఏసిన్. తర్వాతున్న తోకంతా మీరు ఎక్కడ్నుంచి వచ్చారు, ఏం వెతికితే ఇది దొరికింది లాంటి గొడవ, తీసేసినా సరుకు తెరుచుకుంటుంది. అయితే తోక మొత్తం పనికిరానిది కూడా కాదు, ఫలానా సెల్లర్ దగ్గరే కొనాలని ఎంచుకుని ఉంటే ఆ సెల్లర్ గుర్తు అందులోనే ఉండొచ్చు. ఫ్లిప్‌కార్ట్‌లో ఇంకా జాగ్రత్త, ప్రశ్న గుర్తు తర్వాత పీఐడీ అని ఉంటుంది, రంగు, సైజు తేడా చెప్పేది అదే. శుభ్రంగా ఉంటుందని ప్రశ్న గుర్తు దగ్గర కత్తిరించి పంపితే మీరు చూసిన ఎర్ర బకెట్ అవతల నీలం బకెట్ అయిపోవచ్చు. అందుకే లింక్‌ని నమ్ముకోకుండా రంగు, సైజు పక్కన మాటల్లో కూడా రాయమంటున్నా. "750 వాట్స్, మూడు జార్లు" అని అక్క రాసి ఉండబట్టి ఆ రోజు 500 వాట్ల మిక్సీ కొనకుండా బయటపడ్డా, లింక్ తెరిస్తే అదే వచ్చింది మరి.

చిన్న బ్రాండ్ల సొంత సైట్లలో, అంటే ఆన్‌లైన్ కొట్లు కట్టిచ్చే షాపిఫై అనే కంపెనీ మీద నడిచేవి ఉంటాయి కదా, అక్కడ నిజంగానే కార్ట్ లింక్ చెయ్యొచ్చు. సైట్ అడ్రస్ తర్వాత కార్ట్ అని రాసి, ఒక్కో సరుకు నెంబరు, కోలన్, ఎన్ని కావాలో అంకె, కామా పెట్టి ఇంకోటి, ఇట్లా అతికిస్తూ పోతే ఆ లింక్ తెరిచినవాళ్ళకి అవే సరుకులతో నేరుగా డబ్బులు కట్టే పేజీ వస్తుంది. ఇందులో మీ పేరు, మీ అకౌంట్ ఏమీ ఉండవు, వట్టి చీటీయే, కాబట్టి భయం లేదు. పెద్ద సైట్లన్నీ ఇట్లాంటిది ఎందుకు పెట్టవో నాకైతే అర్థం కాదు, ఊరిని బట్టి సెల్లర్, రేటు మారిపోతుంటాయి కాబట్టి తలనొప్పని ఊరుకున్నారేమో. ఫుడ్ యాప్‌లు నయం, జొమాటోలో 2024లో గ్రూప్ ఆర్డర్ అని తెచ్చారు, ఒకడు లింక్ పంపితే ఆఫీసులో అందరూ ఎవరి ఫోన్లో వాళ్ళు అదే కార్ట్‌లో బిర్యానీలు వేసుకోవచ్చు. పాస్‌వర్డ్ ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు చూశారా, చీటీ అందరిదీ, పద్దు ఒకడిది.

ఈలోపు మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టి వాడికన్నీ తెలుసు. క్రోమ్‌లో ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్, వేసుకుంటే కార్ట్ మొత్తాన్ని చిన్న కోడ్‌గా మార్చి ఇస్తుందట, అవతల నేను కూడా అదే వేసుకుని కోడ్ కొడితే 47 ఐటమ్స్ నా కార్ట్‌లోకి వచ్చేస్తాయట. వినడానికి బాగానే ఉంది, నిజంగా పనిచేసేవి కూడా ఉన్నాయి. నేను అడిగింది ఒకటే, అది వేసేటప్పుడు ఏ పర్మిషన్లు అడుగుతోందో చదివి చెప్పరా అని. "మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తం చదవగలదు, మార్చగలదు" అని ఉంది. అన్ని వెబ్‌సైట్లంటే బ్యాంకు కూడా. అది చెయ్యాల్సింది ఒక సైట్లో కార్ట్ చదవడం, దానికి ఇంటి తాళాలన్నీ ఎందుకు. ఒక్క షాపింగ్ సైటుకే పర్మిషన్ అడిగేదైతే ఆలోచించొచ్చు, వాడాక తీసెయ్యొచ్చు. ఇవాళ బుద్ధిగా ఉన్న ఎక్స్‌టెన్షన్‌ని రేపు ఇంకెవడో కొనుక్కుని అప్‌డేట్‌లో ఏం కలుపుతాడో కూడా మనకి తెలీదు.

ఆ చిన్న కోడ్ సంగతి కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు గడుల కోడ్ అనుకోండి, 217 కోట్ల పైచిలుకు రకాలుగా రాయొచ్చు. మనకి చాలా పెద్ద సంఖ్య, కంప్యూటర్‌కి కాదు, ఆ సైటువాళ్ళు అడ్డుకోకపోతే వరసగా కొట్టుకుంటూ పోయి ఎవరెవరి కార్ట్‌లో ఏముందో చూడటం జరిగే పనే. ఇట్లాంటి షేర్ లింకుల్లో లింకే తాళం చెవి, ఎంత పొడుగ్గా, ఎంత అడ్డదిడ్డంగా ఉంటే అంత మంచిది. బకెట్లూ బ్రష్‌లూ అయితే చూసుకుంటే చూసుకోనీ, మందులో, ఇంట్లో దాచి పెట్టి ఇద్దామనుకున్న గిఫ్టో అయితే ఆలోచించాలి.

పండగల సేల్ రోజుల్లో ఇంకో రకం మెసేజ్‌లు వస్తుంటాయి: "మీవాళ్ళు మీతో కార్ట్ షేర్ చేశారు, చూడటానికి లాగిన్ అవ్వండి" అని. నొక్కితే అచ్చు అసలు సైట్ లాంటి పేజీయే. ఇక్కడ చూడాల్సింది లోగో కాదు, అడ్రస్. మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ ఎక్కడుందో చూసి అక్కడ్నుంచి వెనక్కి చదవండి, చివరి డాట్ కామ్‌కో డాట్ ఇన్‌కో ముందు ఆనుకుని ఉన్నదే అసలు యజమాని పేరు. "అమెజాన్ డాట్ ఇన్ డాట్ ఫలానా ఆఫర్ డాట్ కామ్" అని ఉంటే ముందున్న అమెజాన్‌కి విలువేం లేదు, ఆ ఫలానా ఆఫర్‌వాడిదే ఆ కొట్టు, బోర్డు మాత్రం వేరేవాడి పేరుతో కట్టుకున్నాడు. ఇంకా తేలికైంది ఏంటంటే లింక్ అసలు నొక్కకుండా మీ యాప్ మీరే తెరుచుకోవడం, పంపినవాళ్ళకి ఒక ఫోన్ కొట్టి "నువ్వే పంపావా" అని అడగడం. డబ్బులు పోతే మాత్రం సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత ముందు చేస్తే డబ్బు అవతలి అకౌంట్లో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక డబ్బులు. అక్క ముందే నా అకౌంట్‌కి వేసేసింది కాబట్టి మా ఇద్దరికీ తేలిగ్గా తేలింది. కానీ చాలా ఇళ్ళల్లో రివర్సు, ఏరేది పిల్లలు, కట్టేది పెద్దాళ్ళు, అప్పుడు కార్డు ఫొటో రెండు వైపులా తీసి వాట్సాప్‌లో పంపుతారు, ఆ ఫొటో గ్యాలరీలో, బ్యాకప్‌లో ఏళ్ళ తరబడి పడుంటుంది. దానికంటే యూపీఐ సర్కిల్ నయం, 2024 ఆగస్టులో వచ్చింది, ఇంకా చాలామందికి తెలీదు. మీ అకౌంట్ మీద ఐదుగురి దాకా చేర్చుకోవచ్చు, వాళ్ళకి మీ పిన్ చెప్పక్కర్లేదు. రెండు రకాలు, ఒకటి వాళ్ళు కట్టాలని నొక్కిన ప్రతిసారీ మీకు వచ్చి మీరు పిన్ కొడితేనే కదిలేది, రెండోది నెలకి ఇంత అని మీరే హద్దు పెట్టి వదిలేసేది, అది నెలకి గరిష్ఠంగా 15,000, ఒక్కో కొనుగోలుకి 5,000 దాటదు. ఇంటి సామాను కార్ట్‌కి మొదటిదే సరిపోతుంది, పెద్ద మొత్తం కాబట్టి పెద్దాళ్ళ కళ్ళ ముందు నుంచే పోతుంది. డబ్బులు రావడానికి పిన్ కొట్టమని ఎవరన్నా అంటే అది మోసమే, పిన్ డబ్బులు పోవడానికే, రావడానికి కాదు. "మీకు డబ్బులు పంపుతున్నా, పిన్ కొట్టండి" అని రిక్వెస్టులు పెట్టి ఎంతోమందిని ముంచారు, ఇట్లా మనిషి ఇంకో మనిషిని డబ్బులడిగే కలెక్ట్ రిక్వెస్టుల్ని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు.

ఎవరు కడితే రిటర్న్ డబ్బులు వాళ్ళకే పోతాయి, మామూలుగా ఏ దారిలో కట్టారో ఆ దారిలోనే వెనక్కొస్తాయి. ఈ సంగతి ముందే మాట్లాడుకోకపోతే చుట్టాల మధ్య చిన్న చిన్న మొత్తాల దగ్గర మొహమాటాలు పుడతాయి, 640 రూపాయల కర్టెన్ రాడ్ వెనక్కిచ్చిన డబ్బులు నా కార్డులో పడ్డాయని అక్కకి నేను చెప్పేదాకా తెలీదు, నేను మర్చిపోయి ఉంటే అక్క అడిగేదీ కాదు. బిల్లు కూడా కొన్న అకౌంట్ పేరు మీదే వస్తుంది, గ్యారంటీకి అది కావాలి, కాబట్టి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివైతే బిల్లు పీడీఎఫ్ ఆ రోజే అవతలివాళ్ళకి పంపేసెయ్యండి. బావకి ఆటోనగర్‌లో షాపుంది, షాపుకని లిస్టులో ఒక ప్రింటర్ కలిపాడు. అదొక్కటి నేను కొననన్నా, ఎందుకంటే దాని బిల్లు మీద షాపు జీఎస్టీ నెంబరు ఉండాలి, నా పేరు మీద వస్తే బావకి ఆ పన్ను క్రెడిట్ రాదు, అంటే అందులో కట్టిన పన్నుని షాపు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేడు.

కార్ట్‌లో ఉందంటే రిజర్వు అయిపోయిందనుకోవద్దు. సరుకు మనకోసం పక్కన పెట్టరు, రేటు కూడా ఆగదు. అక్క శనివారం ఏరిన 47లో నేను మంగళవారం కొనేసరికి మూడు స్టాకు అయిపోయాయి, రెండింటి రేటు పెరిగింది, ఒకటి తగ్గింది కూడా. షీట్లో "ఆ రోజు రేటు" గడి ఉంది కాబట్టి తేడా కనపడింది, లేకపోతే మొత్తం ఎందుకు పెరిగిందో నన్నే అడుగుతారు. ఇంకోటి, నా ఫోన్లో ఊరు గుంటూరు అని ఉంటే ఒక సెల్లరు, విజయవాడ పిన్‌కోడ్ పెట్టగానే ఇంకో సెల్లరు, డెలివరీ తారీకు కూడా వేరు, పట్టుమని 40 కిలోమీటర్లు లేవు రెండూళ్ళకీ. అందుకే ముందు డెలివరీ పిన్‌కోడ్ మార్చి ఆ తర్వాతే కార్ట్ నింపాలి, నింపాక మార్చితే మళ్ళీ మొదట్నుంచీ చూసుకోవాల్సిందే.

ఇన్ని తెలిసినవాణ్ణి నేను ఏం చేశానో కూడా చెప్పాలి కదా. దొరికినవన్నీ ఒకే ఆర్డర్‌లో పెట్టకుండా మూడు ముక్కలు చేశా, పగిలేవి ఒకటి, పెద్దవి ఒకటి, చిల్లరవి ఒకటి, వెనక్కివ్వాల్సొస్తే వెతుక్కోడానికి తేలిగ్గా ఉంటుందని. మొదటి రెండూ పటమట అడ్రస్‌కి పెట్టా. మూడోదానికి వచ్చేసరికి ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ నొక్కేశా, అడ్రస్ మళ్ళీ డీఫాల్ట్‌కి, అంటే మా బ్రాడీపేటకి వెళ్ళిపోయిందని గమనించలా. నాలుగు రోజులకి మా గుమ్మంలో డోర్‌మ్యాట్లు, మాప్ కర్ర, డస్ట్‌బిన్‌లు, బాత్రూమ్ బ్రష్. అవన్నీ పెద్ద సంచీలో కట్టుకుని ఆదివారం పూట ఆర్టీసీ బస్సెక్కా, మాప్ కర్ర సంచీలో పట్టక నిలబెట్టి పట్టుకుని కూర్చున్నా మంగళగిరి దాటేదాకా, ఆ తర్వాత పక్కాయన జాలిపడి సీటు కింద పెట్టించాడు.

ఇంటికెళ్ళేసరికి అక్క షీట్ ముందేసుకుని పెట్టెలు టిక్కులు పెట్టుకుంటోంది. అన్నీ సరిపోయాయి గానీ ఒకటి ఎక్కువొచ్చిందంది.

"దోమల బ్యాటెవరు ఆర్డర్ పెట్టారు?"

నేను నా కార్ట్‌ని ముందు ఖాళీ చెయ్యలేదు. వాళ్ళ సామాన్లు వేసేముందు నావి "తర్వాత కొంటా"లోకి తోసెయ్యాల్సింది, అది మర్చిపోయా, బ్యాట్ కూడా పగిలేవాటితో కలిసి పటమట వచ్చేసింది. తీసుకెళ్ళిపోతాలే అన్నా. బావ అప్పటికే దాన్ని చార్జింగ్ పెట్టేశాడు.

"ఉండనీరా," అంది అక్క, "కాలవగట్టు దగ్గర, సాయంత్రం అయితే ఇక్కడ మామూలుగా ఉండవు."